కొట్టేవాడిదే గుట్ట అని ఎవరన్నా అన్నారా?
చిన్న గనుల 'బాధ్యత' మీద ఒక విమర్శ

ఆర్టిజనల్ అండ్ స్మాల్ స్కేల్ మైనింగ్ అని ఇంగ్లీషులో ఒక మాట చలామణిలో ఉంది. 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చిన్న గనుల్లోని కార్మిక సమస్యల మీద నివేదిక వేసింది. 2001లో ప్రపంచ బ్యాంకు అండతో వీటి కోసం ప్రత్యేక వేదికే ఏర్పడింది. 2020 నాటి ప్రపంచ బ్యాంకు లెక్క ప్రకారం 80 దేశాల్లో దాదాపు 4 కోట్ల 47 లక్షల మంది ఈ పని చేసి బతుకుతున్నారు. ఈ మాట ముందు ఇప్పుడు ఇంకో మాట వచ్చి చేరింది: బాధ్యతాయుత. గ్రామీణ సమాజాల్లో బాధ్యతాయుతమైన చిన్న గనులను ప్రోత్సహించాలి అంటున్నారు. వినడానికి బాగుంది. కాదనేదెవరు? కానీ దీన్ని తెలుగులోకి తీసుకురాబోతే మొదటి మాట దగ్గరే కాలికి రాయి తగులుతుంది. ఆర్టిజనల్ అంటే మన నిఘంటువుల్లో చేతివృత్తి. ఆ వృత్తికి మన ఊళ్ళల్లో కులం పేరుంది. ఇంగ్లీషు మాటలో మనిషికి చెయ్యి మాత్రమే ఉంది, కులం లేదు. ఈ వ్యాసం ఆ లోటు గురించే.

ఏ ఖనిజం గురించి ఇంత బాధ్యత పుట్టుకొచ్చిందో చూడండి. బంగారం, కోబాల్టు, తగరం, మైకా. సెల్‌ఫోన్లలోకీ, నగల్లోకీ, ముఖానికి రాసుకునే రంగుల్లోకీ పోయేవి. జార్ఖండ్, బీహార్ మైకా గుంతల్లో పిల్లలు చచ్చిపోతున్నారని, ఆ చావులు కప్పెడుతున్నారని 2016లో రాయిటర్స్ వార్తాసంస్థ బయటపెట్టింది. 2017లో పారిస్‌లో కంపెనీలన్నీ కలిసి రెస్పాన్సిబుల్ మైకా ఇనిషియేటివ్ అని ఒకటి పెట్టుకున్నాయి. మంచిదే. పెట్టుకోకపోవడం కంటే మంచిదే. కానీ కొనేవాడికి చెడ్డపేరొస్తేగానీ బాధ్యత నిద్రలేవదని దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. మరి మన గుట్టల్లో కొట్టే కంకర ఎక్కడికి పోతుంది? మన రోడ్లకి, మన అపార్టుమెంట్లకి, మన బడి గోడలకి. దాన్ని కొనే విదేశీ బేరగాడు లేడు. గ్రానైటుకి మాత్రం ఉన్నాడు. కాబట్టే 2017లో నెదర్లాండ్స్ సంఘమొకటి మన తెలుగు రాష్ట్రాల, కర్ణాటక గ్రానైట్ క్వారీల్లోని వెట్టి మీద నివేదిక రాసింది. కంకర గురించి పారిస్ అడగదు, హైదరాబాదూ అడగదు.

మన దగ్గర రాయి కొట్టేవాళ్ళు ఎవరో చెప్పడానికి పరిశోధన అక్కర్లేదు. వడ్డెరలు. 1909లో థర్‌స్టన్ దక్షిణాది కులాల గురించి రాసినప్పుడే వీళ్ళని రాతి పనివాళ్ళు, మట్టి పనివాళ్ళు అని రెండుగా చెప్పాడు. చెరువులు తవ్వింది వీళ్ళే, కాలువలు తీసింది వీళ్ళే, రైలుకట్టలు పోసింది వీళ్ళే. 1955 డిసెంబరులో నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగర్ సిమెంటు గోడ కాదు, రాతికట్టు. ఆ రాయిని ఎవరో ఒకరు చెక్కారు, ఎవరో ఒకరు నెత్తిన మోశారు. దేవాలయమని నెహ్రూ అన్నాడంటారు. దేవాలయం కట్టినవాళ్ళకి గుడిలోకి దారి లేకపోవడం మనకి కొత్తదేం కాదుగా.

ఈ జనానికి లిస్టుల్లో కూడా నిలకడలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడ్డెరలు బీసీ-ఎ. సరిహద్దు దాటి కర్ణాటకలో అడుగుపెడితే అదే సుత్తి, అదే తట్ట, ఇంట్లో చాలాచోట్ల అదే తెలుగు, కానీ భోవి అనీ వడ్డర్ అనీ షెడ్యూల్డు కులం. ఇక్కడేమో ఎస్టీ జాబితాలో చేర్చాలని దశాబ్దాలుగా అడుగుతున్నారు. దళిత అధ్యయనాల పత్రికలో వడ్డెరల గురించి ఎందుకని ఎవరైనా అడిగితే నా జవాబు ఇదే: ఒక రాష్ట్రం గీసిన గీత మన అధ్యయనానికి హద్దు కాకూడదు. ఇంకో సంగతి. తెలుగు సాహిత్యంలో వడ్డెర అనగానే చదువుకున్నవాళ్ళకి హిమజ్వాల, అనుక్షణికం రాసిన వడ్డెర చండీదాస్ గుర్తొస్తాడు. అది ఆయన పెట్టుకున్న పేరు, పుట్టుకతో వచ్చిన కులం కాదు. ఆ పేరు పెట్టుకోవడంలో ఆయన ఉద్దేశం మంచిదే కావచ్చు. కానీ రాయి కొట్టేవాళ్ళ పేరు నవల అట్ట మీదికెక్కినా రాయి కొట్టే చెయ్యి లోపలి పేజీల్లోకి రాలేదు. దళిత కవిత్వ సంకలనాలు వచ్చిన తర్వాత కూడా మన సాహిత్యంలో చెప్పు ఉంది, డప్పు ఉంది, చీపురు ఉంది. సమ్మెట ఇంకా తక్కువే.

నల్లగొండ వైపు ఒక గుట్ట కింద కూచుని ఒక పెద్దాయనతో చాలాసేపు మాట్లాడాను. ఊరి పేరు, ఆయన పేరు ఇక్కడ రాయను. లీజుదారు ఊళ్ళోనే ఉంటాడు, ఆయన కూలి కూడా అక్కడే ఉంది. రాయిని చూడగానే అది ఎటు పగులుతుందో ఆయనకి తెలుసు. వేలితో గీత చూపించాడు, సుత్తితో వరుసగా నాలుగు గుంతలు తీశాడు, చీలలు పెట్టి కొట్టాడు. సరిగ్గా ఆ గీత మీదే బండ విడిపోయింది. ఇంజినీరింగు కాలేజీలో దీన్ని ఏ పేరుతో చెప్తారో నాకు తెలీదు గానీ పరీక్ష పెడితే ప్రొఫెసర్లు ఫెయిలవుతారు. బాధ్యతాయుతమైన గనుల తవ్వకం అని పట్నంలో సెమినార్లు జరుగుతున్నాయని చెప్పాను. ఆయన నవ్వాడు.

"గుట్ట గవర్మెంటుది. లీజు ఆయనది. దెబ్బ మాది. ఇగ బాధ్యత ఎవలది సారూ?"

సెమినార్ పేపర్లన్నీ చదివినా ఇంత సూటి ప్రశ్న నాకు కనపడలేదు. పక్కన కంకర గుట్ట చేస్తున్న ఆయన భార్య ఇంకొకటి కలిపింది. "ఇద్దరం కొడ్తం బిడ్డా. లెక్క మాత్రం ఆయన పేరు మీదనే రాస్తడు." ట్రాక్టరుకి ఇంత అని రేటు. రేటు జంటకి, పేరు మొగుడికి. పెళ్ళికో, ఆసుపత్రికో ముందే తీసుకున్న అడ్వాన్సు ఆ రేటులో విరుగుతూ ఉంటుంది. విరిగినట్టు కనిపిస్తుంది, కానీ తీరదు. ఫరీదాబాద్ క్వారీల మీద వచ్చిన బంధువా ముక్తి మోర్చా కేసులో 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కదా: బలవంతంగా పని చేయిస్తున్నట్టు కనబడితే అడ్వాన్సు కిందే చేయిస్తున్నారని అనుకోవాలి, కాదని యజమానే రుజువు చేసుకోవాలి. వెట్టిచాకిరి రద్దు చట్టం 1976 నుంచీ ఉంది. ఆ పెద్దాయన అడ్వాన్సు పుస్తకం మాత్రం లీజుదారు దగ్గరే ఉంది.

చట్టం దగ్గరికి వద్దాం, ఎందుకంటే బాధ్యత అనే మాట చివరికి కాగితంగా మారేది అక్కడే. 1957 గనుల, ఖనిజాల చట్టం కట్టడపు రాయిని, ఇసుకని, గులకని, మట్టిని చిన్నతరహా ఖనిజాలని పేరుపెట్టి రాష్ట్రాలకి అప్పగించింది. ఆంధ్రప్రదేశ్ 1966లో దానికి రూల్సు చేసుకుంది. చిన్నతరహా అన్నది ఖనిజాన్ని బట్టి పెట్టిన పేరు, తవ్వేవాడిని బట్టి కాదు. ఈ తేడా చాలామంది గమనించరు. అందుకే చిన్న ఖనిజంలో పెద్ద కాంట్రాక్టరు హాయిగా ఇమిడిపోయాడు. పెద్ద మిషన్లు, క్రషర్లు, వరసగా టిప్పర్లు, అయినా కాగితంలో అది చిన్నతరహానే.

కూలీని కాపాడాల్సిన చట్టం సంగతి ఇంకా వింత. 1952 గనుల చట్టం 3వ సెక్షన్ ప్రకారం కట్టడపు రాయి, కంకర లాంటివి తీసే గుంత లోతు 6 మీటర్లు దాటకపోతే, పనివాళ్ళు 50 మందికి మించకపోతే, పేలుడు మందు వాడకపోతే ఆ చట్టంలోని చాలా సెక్షన్లు వర్తించేవి కావు. చిన్నవాడికి ఇబ్బంది లేకుండా ఉండాలని పెట్టారనుకుందాం. జరిగిందేమిటి? 50 మంది దాటినా మస్టర్లో 50 దాటరు. తూటా పేలినా రిజిస్టర్లో పేలదు. చిన్నవాడి కోసం తెరిచిన తలుపులోంచి పెద్దవాడు లోపలికొచ్చాడు, కూలీ బయట పడ్డాడు. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ వచ్చింది. దానితో ఏం మారుతుందో ముందుముందు చూడాలి. ఇప్పటికే ఊపిరితిత్తులు పోగొట్టుకున్న వాళ్ళంతా పాత చట్టం నీడలో పని చేసినవాళ్ళు.

పర్యావరణం వైపు నుంచి వచ్చిన బాధ్యత మరో రకం. 2012 ఫిబ్రవరిలో దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 5 హెక్టార్ల లోపు చిన్న ఖనిజాల లీజులకి కూడా పర్యావరణ అనుమతి ఉండాల్సిందేనంది. ముక్కలు ముక్కలుగా లీజులు తీసుకుని నదుల్ని, గుట్టల్ని మింగేస్తున్న వాళ్ళని ఆపడానికి ఇచ్చిన తీర్పు అది. తీర్పుని నేను తప్పుపట్టను. కానీ అనుమతి కావాలంటే మైనింగ్ ప్లాన్ కావాలి, సర్వే కావాలి, కన్సల్టెంటు కావాలి, ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి కావాలి. ఇవన్నీ ఉన్న లీజుదారు బాధ్యతాయుతుడయ్యాడు. ఇవేవీ లేకుండా పది కుటుంబాలతో ఊరి గుట్ట మీద రాయి తీసుకునే వడ్డెర అక్రమ మైనింగ్ చేసేవాడయ్యాడు. పోలీసు వచ్చి ట్రాక్టరు పట్టుకుపోతాడు. ప్రపంచ బ్యాంకు కాగితాల్లో ఈ మనిషిని ఫార్మలైజ్ చెయ్యాలంటారు, అంటే లెక్కలోకి తేవాలని. మన దగ్గర కేసు పెట్టి లెక్కలోకి తెస్తున్నారు.

ఆస్ట్రేలియాలో పనిచేస్తున్న పరిశోధకురాలు కుంతలా లాహిరి-దత్ సంపాదకత్వంలో 2018లో వచ్చిన 'బిట్వీన్ ది ప్లవ్ అండ్ ది పిక్' మన విద్యార్థులు చూడాల్సిన పుస్తకం. చిన్న గనులవాళ్ళని నేరస్థులుగానో, బంగారం పిచ్చిగాళ్ళుగానో చూడటం మానండి, నాగలికీ పారకీ మధ్య నలుగుతున్న రైతాంగంగా చూడండి అన్నది ఆ పుస్తకం దిశ. నాకు నచ్చింది. కానీ మన దగ్గర నాగలికీ, పారకీ మధ్య గోడ ఉంది. నాగలి పట్టే కులం, సమ్మెట పట్టే కులం ఒకటి కాదు. పంట పోయిన కాపు క్వారీలో లీజుదారుగానో, మేస్త్రీగానో, ట్రాక్టరు ఓనరుగానో దిగుతాడు. సమ్మెట పట్టుకుని దిగడు. రైతాంగం అనే మాట కూడా ఆర్టిజన్ లాగే కులాన్ని మింగేస్తుంది.

ఇక 2023 సెప్టెంబరులో మొదలైన పీఎం విశ్వకర్మ పథకం సంగతి. 18 వృత్తుల జాబితాలో శిల్పి, రాతి చెక్కేవాడితో పాటు రాళ్ళు కొట్టేవాడిని కూడా చేర్చారు. మంచి గుర్తింపే. ఇచ్చేదేమిటి? 15,000 రూపాయల దాకా పనిముట్లకి, 5 శాతం వడ్డీకి రెండు విడతల్లో 3 లక్షల అప్పు. సుత్తి ఇస్తారు, గుట్ట ఇవ్వరు. గుట్ట లేని సుత్తితో మళ్ళీ అదే లీజుదారు దగ్గరికే పోవాలి. విశ్వకర్మ పేరు పెట్టడంలోని రాజకీయాన్ని ఇంకోసారి మాట్లాడుకుందాం. ఇక్కడ నాకు ముఖ్యమైంది ఒక్కటే: ఆర్టిజన్‌ని ఆదుకోవడం అంటే పనిముట్టు ఇవ్వడమే అనే ఆలోచన ప్రపంచ బ్యాంకుదీ, మన ప్రభుత్వానిదీ ఒకటే.

ఇక్కడ మనలోనే ఒక తగువుంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. కులవృత్తిని ఆదుకోండి అని అడగడం అంటే కులాన్ని నిలబెట్టమని అడగడం కాదా? అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో తేల్చిన విషయం ఇదే. కులం పనిని పంచడం లేదు, పని చేసేవాళ్ళని మెట్లమెట్లుగా విడగొడుతోంది. వడ్డెర పిల్లవాడి చేతిలో సుత్తికి బదులు పెన్ను ఉండాలి అనేది ఆ దారి. 1996లో కంచ ఐలయ్య ఇంకో దారి చూపించాడు: ఉత్పత్తి కులాల పనితనమే ఈ దేశపు అసలు జ్ఞానం, దానికి తలెత్తుకోవాలి అని. ఆ పెద్దాయన రాయి మీద వేలితో గీత గీసినప్పుడు నేను ఐలయ్య పక్షాన ఉన్నాను. ఆయన దగ్గుతుంటే అంబేద్కర్ పక్షాన ఉన్నాను. కాసేపట్లోనే రెండు పక్షాలు. కానీ నిదానంగా చూస్తే ఇద్దరి మధ్య ఒక ప్రశ్న మిగిలే ఉంది. వృత్తిలో ఉండాలా, వదలాలా అన్నది తేల్చుకోవాల్సింది ఎవరు? చేతిలో ఏ హక్కూ లేనివాడికి ఉండటమూ బలవంతమే, వదలడమూ బలవంతమే. ఇప్పుడు జరుగుతున్నది చూడండి. క్రషర్లు, ప్రొక్లెయిన్లు వచ్చాక సమ్మెట పని సగం పోయింది. వడ్డెరలు వృత్తి వదిలిపెట్టలేదు, వృత్తే వాళ్ళని వదిలిపెట్టింది. గుట్ట మీద హక్కు ఉంటే ఆ మిషను వాళ్ళదయ్యేది, కొడుకు చదువు ఆ ఆదాయంతో సాగేది. హక్కు లేదు కాబట్టి రాయికి లోడింగ్ కూలీలయ్యారు. పని తేలికైంది, దుమ్ము ఎక్కువైంది.

దుమ్ము గురించి రాయాలంటే చెయ్యి ఆగుతుంది. రాయిలోని సిలికా పొడి ఊపిరితిత్తుల్లో చేరితే గడ్డకట్టి అక్కడే ఉంటుంది, బయటికి రాదు. సిలికోసిస్‌కి మందు లేదు. రోగిని ఆసుపత్రికి తీసుకెళ్తే టీబీ అంటారు, నెలల తరబడి టీబీ మాత్రలు మింగిస్తారు. కాగితం మీద టీబీ అని రాస్తే అది ఇంటి జబ్బు, పేదరికపు జబ్బు. సిలికోసిస్ అని రాస్తే అది పని జబ్బు, యజమాని పరిహారం కట్టాలి. ఆ ఒక్క మాట రాయడంలో ఎంత డబ్బుందో అర్థమవుతోందా? గోధ్రా వైపు క్వార్ట్జ్ పొడి చేసే ఫ్యాక్టరీలకి పోయి, మధ్యప్రదేశ్ అలీరాజ్‌పూర్, ఝాబువా పల్లెలకి దగ్గుతో తిరిగొచ్చిన ఆదివాసులు ఈ మాట కోసమే ఏళ్ళ తరబడి కొట్లాడారు. చనిపోయిన 238 మంది కుటుంబాలకి తలా 3 లక్షలు ఇమ్మని సుప్రీంకోర్టు 2016 మేలో గుజరాత్‌ని ఆదేశించింది. రాజస్థాన్ 2019లో ఏకంగా విధానమే తెచ్చింది: జబ్బు తేలితే 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి మరో 2 లక్షలు. అక్కడి గని కార్మికులు, సంఘాలు వెంటపడితే వచ్చింది అది. తెలుగు నేలమీద అలాంటిది ఎందుకు రాలేదు? మన దగ్గర రాయి కొట్టేవాళ్ళు తక్కువా, దుమ్ము తక్కువా? వెంటపడినవాళ్ళం తక్కువ. ఈ వాక్యంలో నేనూ ఉన్నాను.

దుమ్ము వడ్డెర దగ్గర ఆగదు. చాలా ఊళ్ళల్లో గుట్ట కింద ఉండేది మాల మాదిగ వాడలే, గుట్టకి ఆనుకుని ఉండేది దళితులకిచ్చిన అసైన్డు భూములే. మంచి భూమి ఊరికి, రాళ్ళ భూమి వాడకి. ఇప్పుడు ఆ రాళ్ళకి ధర వచ్చింది. 1977 చట్టం అసైన్డు భూమి చేతులు మారకుండా కాపాడటానికి వచ్చింది, కానీ పక్కన పేలే తూటానుంచి చేనుని, బోరుని, ఇంటి గోడని కాపాడదు. పైన రాయి కొట్టేది వడ్డెర, కింద పంట పోగొట్టుకునేది మాదిగ. ఇద్దరూ కొట్లాడుకుంటే లీజుదారుకి అంతకంటే కావాల్సిందేముంది? క్వారీ ఆపండి అని వాడ ధర్నా చేస్తే మా కూలి పోతుంది అని వడ్డెరల్ని ఎదురు నిలబెడతారు. బాధ్యతాయుత గనుల పుస్తకాల్లో దీన్ని సమాజంతో సంప్రదింపులు అనే ఒక్క మాటలో తేల్చేస్తారు. ఏ సమాజం? ఊరా, వాడా, గుట్ట మీది గుడిసెలా?

ఒక మార్గం మనకి తెలియంది కాదు. 1997 జులైలో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకి గనుల లీజు చెల్లదంది. విశాఖ జిల్లా బొర్రా ప్రాంతం నుంచి వచ్చిన తీర్పు అది. గిరిజనుల సహకార సంఘాలకైతే ఇవ్వవచ్చంది. అంతకుముందే 1993 జాతీయ ఖనిజ విధానం కూడా షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్న నిక్షేపాలకి గిరిజనులకి ప్రాధాన్యం అని రాసుకుంది. ఆ తర్వాత కథలో చీకటి కోణం కూడా ఉంది. పేరు గిరిజనుడిది, పెట్టుబడి, లారీ, లాభం ఇంకొకడివి. బినామీ సంఘాలు మైదానంలోనూ పుడతాయి, వడ్డెర సంఘాల పేరు మీదా పుడతాయి. ఎన్నికల ముందు క్వారీల్లో వాటా, సీనరేజిలో రాయితీ అని హామీలు వినబడగానే సంఘాలు వెలిసేది అందుకే. దీన్ని చూపించి సంఘాలే వద్దనేవాళ్ళున్నారు. వాళ్ళని నేనొకటి అడుగుతాను. బినామీ లీజుల్ని చూసి వ్యక్తులకి లీజులివ్వడం ఎప్పుడైనా మానేశారా?

ఇప్పుడు మన వైపు చూసుకుందాం. భూపోరాటాల చరిత్ర మనది. దున్నేవాడిదే భూమి అన్నాం. 1973 భూసంస్కరణల చట్టం వ్యవసాయ భూమికి పరిమితి పెట్టింది, మనం ఆ మిగులు భూమి కోసం తిరిగాం. గుట్ట పోరంబోకు జోలికి పోలేదు. అది పంట పండే భూమి కాదు గనక మన ఎజెండాలో లేదు. కమ్యూనిస్టులకీ లేదు, దళిత సంఘాలకీ లేదు. కొట్టేవాడిదే గుట్ట అని ఒక్కరం అనలేదు. ఈలోగా ఎకరం మాగాణి కంటే ఎకరం గుట్ట ఖరీదైపోయింది.

కొట్టేవాడిదే గుట్ట అంటే గుట్టనంతా కొట్టెయ్యమని కాదు. రాతి బొమ్మలున్న గుట్టలున్నాయి, చెరువుకి నీళ్ళిచ్చే గుట్టలున్నాయి, వాటిని వదలాల్సిందే. కానీ గడువులోపు పెట్టుబడి రాబట్టుకుని పోయేవాడు ఏ గుట్టనీ వదలడు. మనవడికి కూడా ఆ గుట్టే కావాలనుకునేవాడు వదులుతాడు. ఊరి గుట్టలో చిన్న ముక్కని వేలం లేకుండా, అక్కడ నిజంగా రాయి కొట్టే కుటుంబాల సంఘానికి ఇవ్వాలి. సభ్యత్వం మొగుడి పేరు మీద ఒకటి, పెళ్ళాం పేరు మీద ఒకటి ఉండాలి. మైనింగ్ ప్లాన్, పర్యావరణ అనుమతి ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలి. కింది వాడతో కూచుని ఎక్కడ, ఏ వేళ, ఎంత దూరంలో పేల్చాలో తేల్చుకోవాలి, పోయిన చేనుకి సీనరేజిలోంచి వాటా ఇవ్వాలి. ఏటా ఎక్స్‌రే తీయించాలి, ఆ ఎక్స్‌రే రోగి చేతికివ్వాలి. ఇవి పెద్ద కోరికలేం కావు. వీటిలో ఏ ఒక్కటీ బాధ్యతాయుత గనుల మార్గదర్శకాలకి విరుద్ధమూ కాదు. కాకపోతే వాటిలో బాధ్యత తవ్వేవాడి మీద మొదలవుతుంది, వీటిలో గుట్ట ఎవరి పేరు మీద ఉంది అనే దగ్గర మొదలవుతుంది.

తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన తన ఎక్స్‌రే చూపించాడు. పాలిథీన్ సంచిలో, ఇంటి చూరులో పెట్టుకున్నాడు. వెంట ఉన్న చీటీలో టీబీ అని రాసుంది. ఆ చీటీ మార్పించడానికి ఎవరి దగ్గరికి పోవాలని అడిగాడు. జిల్లా కేంద్రం పేరు చెప్పాను. పోతే ఆ రోజు కూలి పోతుంది, బస్సు కిరాయి అదనం. వచ్చే నెల ఇద్దరం కలిసి పోదామని అనుకున్నాం.